అది పంది కాదురా, వరాహస్వామి

వారానికి ఒక్క రాత్రన్నా అందరం ఫోన్లు పక్కన పడేసి ఇంట్లో ఆటాడుకుందాం అని పోయిన నెల నేనే అన్నాను, నోరు ఊరుకోదు కదా. మా ఆవిడ ఒక్క మాట కూడా అడ్డం చెప్పకుండా సరే అనింది, అప్పుడే నాకు డౌట్ రావాల్సింది. ఇంక ఏ రోజనే దానికి మూడు రోజులు పంచాయితీ, ఆదివారం అంటే పాపకి ట్యూషన్, గురువారం అంటే మరుసటి రోజు ఇల్లు కడగాల, ఆఖరికి శనివారం రాత్రి అని తేలింది. ఆ రోజు మా అమ్మ ఒక్కపొద్దు కాబట్టి అందరికీ ఉప్మానే. తిరుపతిలో ఉంటా శనివారం పూట చికెన్ అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవురికీ లేదులెండి.

గోవిందరాజస్వామి గుడి దగ్గర అంగట్లో వైకుంఠపాళి పటం కొనుక్కొచ్చినా. 132 గళ్లు, పైన వైకుంఠం, అడుగున పంది బొమ్మ, 106లో పెద్ద పాము, దాని నోట్లో పడితే సీదా పంది దగ్గరికే. తీరా విప్పి చూస్తే పాచిక లేదు. ఫోన్లో డైస్ యాప్ ఉంది నాయనా అన్నాడు చిన్నోడు, చూడండి వాడి తెలివి. మా అమ్మ లేచి నాలుగు చింతగింజలు తెచ్చి మెట్టు మీద నీళ్లు చల్లి ఒక పక్క తెల్లగా తేలేదాకా బర్రుబర్రుమని అరగదీసింది. ఎన్ని తెలుపు పడితే అన్ని గళ్లు, నాలుగూ నలుపైతే ఎనిమిది. గింజలు సోఫా కిందికి పోతాండాయని స్టీలు గిన్నెలో వేసి ఆడించి బోర్లిస్తా ఉన్నాం.

ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో వేసి మూత బిగించింది కూడా నేనే.

ఆట బాగానే సాగింది, నేను రెండుసార్లు పాము నోట్లో పడితే మా అమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె 98లో ఉండాది. గిన్నె బోర్లిస్తే నాలుగూ నలుపు. లెక్కపెట్టినాం, 106. పిల్లోళ్లు అరుపులు. ఆమె మాత్రం నిదానంగా కాయని పంది దగ్గర పెట్టి, దండం పెట్టుకుని, మళ్లీ తీసి వైకుంఠంలో పెట్టేసింది!

"అవ్వా, చీటింగ్!"

"ఏం చీటింగ్ రా? అది పంది కాదు, వరాహస్వామి. కొండ మీద ముందు ఆయన్ని చూసినాకనే కదా వెంకన్న దర్శనం? చూసేసినా, పైకి పోయినా. పుష్కరిణి పక్కన ఉండే గుడి ఎవురిదో మీ నాయన్ని అడుగు."

నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఈ గొడవలో వంటింట్లోంచి గుర్రు గుర్రుమని సౌండ్ వస్తావుంటే ఫ్రిజ్ పాడైపోతాందిరా దేవుడా అనుకున్నా. అంతలో తలుపు దబదబా కొట్టినారు. బెంగళూరు నుంచి మా బావమరిది, వాళ్లావిడ, ఇద్దరు పిల్లలు, నాలుగు బ్యాగులు. పొద్దున్నే 300 రూపాయల దర్శనం టికెట్లంట. "బావా, బస్టాండులో గంట నిలబడినాం, పదిహేడు సార్లు ఫోన్ చేసినా, ఇంట్లో ఎవురికీ ఏం కాలేదు కదా?" అన్నాడు, పాపం నిజంగానే భయపడినాడు. నేను బియ్యం డబ్బా వైపు చూసినా, మా ఆవిడ నా వైపు చూసింది. మీ బావకి ఆటలు కావాలంట అని ఒక్క ముక్క అనేసి, దర్శనానికి పోయే వాళ్లకి కట్టియ్యాలని రాత్రే పులిహోరకి చింతపండు నానబెట్టింది, చేతికి అందిన గిన్నెలో.

తెల్లారి అయిదున్నరకి బావమరిది రుచి చూస్తానని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. టక్కుమనింది. దవడ పట్టుకుని తీసి అరచేతిలో పెట్టి చూపించినాడు, చింతగింజ, ఒక పక్క తెల్లగా అరగదీసి ఉండాది.

మా అమ్మ కళ్లజోడు సర్దుకుని తొంగి చూసి, "ఒకటి పడింది" అనింది.