నెత్తి మీద ఫ్రీ ఆక్సిజన్: నా తీవ్ర అభ్యంతరం

విమానంలో ఇప్పుడు కిటికీ సీటుకి డబ్బులు, కాళ్ళు చాపుకునే సీటుకి డబ్బులు, ఉప్మా కప్పులో వేడినీళ్ళు పోసినందుకు డబ్బులు. ఇంత పద్ధతిగా నడిచే వ్యాపారంలో, ప్రమాదమొస్తే నెత్తి మీంచి ఊడిపడే మాస్కుల్లో ఆక్సిజన్ ఒక్కటి ఫ్రీగా ఎందుకిస్తున్నారు? ఫ్రీగా వచ్చేదాన్ని అనుమానించడం మన ధర్మం కాబట్టి కాస్త లోతుగా విచారించా, అనుకున్నట్టే అంతా గోల్‌మాలే.

పైన సిలిండర్ ఉంటుందని అనుకుంటాం కదా, చాలా విమానాల్లో సీట్ల పైన సిలిండరే లేదండీ (బోయింగ్ 787లో చిన్నవి పెట్టారు, అది వేరే సంగతి). ఉన్నది ఓ డబ్బా, అందులో సోడియం క్లోరేట్, కొంచెం ఇనప పొడి. మాస్క్ కిందకి లాగితే పిన్ను ఊడి లోపల చిన్న టపాకాయ పేలుతుంది, ఆ వేడికి మందు కాలుతూ ఆక్సిజన్ వదుల్తుంది. అంటే మన నెత్తి మీద పెట్టింది ఒక రకం మతాబు. వెలిగిస్తే ఆపలేం, పైగా బంతి భోజనంలాగా ఒకరు మొదలెడితే ఆ డబ్బా కింద కూర్చున్న అందరికీ మొదలైపోతుంది.

క్యాబిన్‌లో గాలి 14 వేల అడుగుల ఎత్తులో ఉన్నంత పలచబడితే మాస్కులు వాటంతటవే ఊడిపడతాయి. కానీ లాగితేనే ఆక్సిజన్. ఎవరైనా రెండోసారి బతిమాలితే గానీ కాఫీ కప్పు ముట్టుకోని మొహమాటస్తులం, వేలాడుతున్న మాస్క్‌ని మనంతట మనం లాగుతామా? ఆలోచించుకోడానికి టైమ్ కూడా ఇవ్వరు, 35 వేల అడుగుల దగ్గర బుర్ర పనిచేసేది అర నిమిషం, మహా అయితే నిమిషం.

సరే లాగాం. మాస్క్‌కి వేలాడే సంచి ఉబ్బదు, డిఫెక్ట్ పీస్. కాలిన వాసన వస్తుంది, డబ్బా 200 డిగ్రీలు దాటిపోయుంటుంది మరి. విమానం సర్రున కిందకి దిగుతుంది. ఇవన్నీ అంతా సవ్యంగా నడుస్తోందనడానికి గుర్తులట! సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తుందని డెమోలో చెప్తారట, మనం ఆ టైమ్‌లో "ల్యాండ్ అయ్యాక చేస్తా" అని ఫోన్లో ఉంటాం. డబ్బాని బట్టి 12 నుంచి 22 నిమిషాలే వస్తుంది, ఈలోపు పైలట్ 10 వేల అడుగులకి దింపేస్తాడు, అక్కడ మామూలుగా పీల్చుకోవచ్చు.

2018 ఏప్రిల్‌లో అమెరికాలో ఓ సౌత్‌వెస్ట్ విమానం ఇంజిన్ ముక్కలు తగిలి కిటికీ పగిలితే, కొందరు మాస్క్ మూతికి పెట్టుకుని ముక్కు బయటికి వదిలేశారు. లోకమంతా నవ్వింది. రెండేళ్ళు తిరక్కుండా కరోనా వచ్చి మనందరం అదే పద్ధతి పాటించాం. ఆ 2018లోనే సెప్టెంబర్ 20న ముంబై నుంచి జైపూర్ వెళ్ళే జెట్ ఎయిర్‌వేస్ విమానంలో క్యాబిన్‌లోకి గాలి వదిలే స్విచ్ వేయడం మర్చిపోయారు, మాస్కులు పడ్డాయి, కొందరికి ముక్కుల్లోంచి రక్తం, అయినా వీడియోలు మాత్రం చక్కగా వచ్చాయి.

అన్నిటికన్నా దారుణం, "ముందు మీ మాస్క్ పెట్టుకుని తర్వాత పిల్లలకి పెట్టండి" అనే రూలు. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున ఏముంటే అది తినే జాతి మా అమ్మది, ఆవిడకి చెప్పే మాటేనా? అక్క పురుడికి నాన్నతో కలిసి డల్లాస్ వెళ్తుంటే కూర్చోబెట్టి అంతా వివరించా, నువ్వు స్పృహ తప్పితే పక్కవాళ్ళకి పెట్టేవాళ్ళే ఉండరమ్మా అని కూడా చెప్పా. శ్రద్ధగా విని, ఆవకాయ సీసాకి ఇంకో కవరు చుడుతూ అడిగింది:

"డబ్బా 12 నిమిషాలే అన్నావు కదరా, మరి నాది కూడా మీ నాన్నకే పెట్టేస్తే ఆయనకి 24 వస్తాయా?"