మలావీలో దానానికి సరైన నెల జనవరి

ఏటా ఉగాదికి ఆఫ్రికాలోని మలావీలో ఉన్న మన తెలుగు సంఘం తరఫున ఇక్కడి ఊళ్ళలో మొక్కజొన్న పిండి బస్తాలు పంచుతున్నాం. మంచి పనే, ఆపమని ఎవరూ అనరు. ఆ పంపిణీని సంక్రాంతికి జరపండి అన్నదే నా మాట. జనవరిలో ఇచ్చిన బస్తా చేసే మేలు ఉగాదికి ఇచ్చిన బస్తా చేయదు.

మన వైపు సంక్రాంతికి పంట ఇంటికొస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. వానాకాలం ఏడాదికి ఒక్కటే, నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా. తొలి వానలకు వేసిన మొక్కజొన్న ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తుంది. దేశం పొడవునా 580 కిలోమీటర్ల సరస్సు ఉంది కదా అనిపిస్తుంది, కానీ ఆ నీళ్ళు మెట్ట చేలకు ఎక్కాలంటే పంపులు కావాలి, కరెంటు కావాలి, డబ్బు కావాలి. అందుకే చాలామందికి వానే దిక్కు. దాచుకున్న గింజలు డిసెంబరుకల్లా నిండుకుంటే, కొత్త పంట చేతికొచ్చేదాకా ఆకలి నెలలే.

ఇక్కడివాళ్ళకు అన్నమంటే న్సీమా. మన రాగి సంకటిలా గట్టిగా కెలికి, తడి చేసిన గరిటెతో వడ్డిస్తారు. పక్కన ఎండు ఉసిపా చేపలో, గుమ్మడాకు కూరో ఉంటుంది. ఇంకేం తిన్నా, న్సీమా పడకపోతే వాళ్ళకు తిన్నట్టే ఉండదు. చేతిలో ఉన్న రోజుల్లో గింజ పైపొట్టు తీసి తెల్లటి పిండి పట్టిస్తారు. జనవరికి వచ్చేసరికి పొట్టుతో సహా ఆడించిన మ్‌గైవా. అదీ లేకపోతే మిల్లులో మిగిలిన తవుడు. పిల్లలు మామిడికాయలతో పూట వెళ్ళదీస్తారు. ఇంటి పక్కన వెదురుతో అల్లి, గడ్డి కప్పిన న్‌ఖోక్వే ఉంటుంది, వాళ్ళ గాదె. ఆ నెలలో అందులోకి తొంగి చూస్తే అడుగున పొట్టూ, పురుగు తొలిచిన నాలుగు కంకులూ తప్ప ఏమీ ఉండవు.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. ఇంట్లో గింజ లేనివాళ్ళు గాన్యూకి, అంటే రోజు కూలికి, వేరేవాళ్ళ చేలోకి వెళ్తారు. సరిగ్గా అప్పుడే సొంత చేలో కలుపు తీయాలి. ఇవాళ్టి పిండి కోసం పరాయి చేలో కలుపు తీస్తుంటే సొంత పైరు కలుపులో మునిగిపోతుంది, దిగుబడి పడిపోతుంది, వచ్చే జనవరికి గాదె ఇంకా ముందే ఖాళీ అవుతుంది. జనవరిలో ఒక ఇంటికి బస్తా అందితే ఆ ఇంటావిడ ఆ రెండు వారాలు తన చేలోనే ఉండగలదు. ఉగాది నాటికి చేలో పచ్చికంకులు తినడానికి వచ్చేసి ఉంటాయి, కలుపు రోజులు దాటిపోయి ఉంటాయి.

ఇది బద్ధకం వల్ల వచ్చిన పేదరికమని మన ఇళ్ళలో మాట్లాడుకోవడం విన్నాను. నాకు చాలా బాధ కలిగించే మాట అది. ఈ దేశానికి సముద్రం లేదు. ఎరువైనా డీజిలైనా మొజాంబిక్‌లోని బెయిరా, నకాలా రేవుల నుంచో, టాంజానియాలోని దార్ ఎస్ సలాం నుంచో వందల కిలోమీటర్లు రావాలి. ఆ కిరాయంతా రైతు కొనే బస్తా మీదే పడుతుంది. దిగుమతులకు డాలర్లు తెచ్చేది ముఖ్యంగా పొగాకు, దాని వేలం మొదలయ్యేది ఏప్రిల్ ప్రాంతంలో. అంటే ఎరువు కొనాల్సిన అక్టోబరు, నవంబరు నెలల్లోనే డాలర్లకు కటకట. బంకు దగ్గర క్యూ కనిపిస్తే మనకు టెన్షన్. అదే డాలర్ల కొరత వల్ల ఎరువు అందక రైతు చేలో పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. దీనికి తోడు 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను దక్షిణ జిల్లాలను ముంచేసింది. ఆ మరుసటి ఏడాదే ఎల్ నీనో కరువు, 28 జిల్లాల్లో 23 జిల్లాలను ప్రభుత్వం విపత్తు ప్రాంతాలుగా ప్రకటించింది. ఇంత కష్టపడే మనుషుల్ని బద్ధకస్తులనడం అన్యాయం.

జనవరిలో మట్టిరోడ్లు బురదైపోతాయి, లారీ దిగబడితే ఎవరు లాగుతారని కమిటీలో పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా ఆలోచన ఇది. ఉగాదికి చందాలు ఎప్పటిలాగే వసూలు చేద్దాం. ఆ డబ్బుతో మే, జూన్‌లలో, కోతలయ్యాక ధర దిగినప్పుడు, నేరుగా ఊళ్ళ రైతుల దగ్గరే గింజలు కొందాం. ఆ రోజుల్లో అవసరానికి దళారులకు అయినకాడికి అమ్ముకుంటారు, మనం కాస్త మంచి ధర ఇవ్వొచ్చు. ఆకలి నెలల్లో అదే గింజ ధర రెట్టింపైన ఏళ్ళు కూడా ఉన్నాయి. పిండి కాకుండా గింజలే కొంటే, గాలి చొరబడని సంచుల్లో పురుగు పట్టకుండా నెలల తరబడి నిలవ ఉంటాయి. వానలకు ముందే ఊళ్ళోని చర్చికో బడికో చేరవేసి, ఎవరికి ఇవ్వాలో ఊరి పెద్దతో, ఆ ఊరి ఆడవాళ్ళతో కలిసి జాబితా రాసుకుందాం.

పంపిణీకి రోజు కూడా కుదిరే ఉంది. జనవరి 15 ఇక్కడ జాతీయ సెలవు. 1915లో తెల్లదొరల ఎస్టేట్లలో వెట్టిచాకిరీ మీద తిరగబడి ప్రాణాలు పోగొట్టుకున్న పాస్టర్ జాన్ చిలెంబ్వే పేరిట ఇచ్చే సెలవు అది. మన సంక్రాంతి ఆ రోజో, ముందు రోజో వస్తుంది. దుకాణాలు మూసే ఉంటాయి కాబట్టి అందరం వెళ్ళొచ్చు, పిల్లల్ని కూడా తీసుకెళ్ళొచ్చు. ఆయన ఎవరో, ఆ సెలవు ఎందుకో అక్కడి పెద్దవాళ్ళనే అడిగి తెలుసుకుంటారు.

గోడౌన్లు ఉన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక మూల ఇస్తే చాలు. లారీలు ఉన్నవాళ్ళు నవంబరు వానలు పడకముందు ఒక్క రోజు బండి ఇవ్వండి. ఈ ఏడాది రెండు ఊళ్ళతో మొదలుపెడదాం.