ఇల్లు మారితే పెట్టె చెల్లదా?

కేబుల్ టీవీ ప్రసారాలన్నీ డిజిటల్‌కు మారి తీరాలని 2011లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. దాంతో కేబుల్ ఉన్న ప్రతి టీవీకీ సెట్‌టాప్ బాక్సు అనే పెట్టె తప్పనిసరైంది. హైదరాబాద్‌కు 2013 మార్చి గడువు పడింది. వరంగల్ వంటి నగరాలకు 2015 డిసెంబరు, పల్లెలకు ఆ మరుసటి ఏడాది అన్నారు. చివరకు వాయిదాలతో 2017 దాకా సాగింది.

మార్పు అక్కర్లేదని మేము అనడం లేదు. పాత అనలాగ్ పద్ధతిలో తీగ మోయగలిగే ఛానళ్లు కొన్నే. తీగ చివరి ఇంటికి చేరేసరికి తెర నిండా చుక్కలు. ఎన్ని కనెక్షన్లున్నాయంటే ఆపరేటర్ చెప్పిందే లెక్క. డిజిటల్‌తో ఆ లెక్క తేలింది. ఛానళ్లకు చందా, ప్రభుత్వానికి పన్ను సక్రమంగా చేరే దారి ఏర్పడింది. పెట్టె ఖర్చు మాత్రం ప్రేక్షకుడి నెత్తిన పడింది.

డబ్బు పోసి కొన్న ఆ పెట్టె మీద అతనికి ఉన్న హక్కు ఎంత? వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే కుటుంబం కాజీపేటలో అద్దెకు దిగిందనుకుందాం. అక్కడి కేబుల్ వేరే సంస్థదైతే పాత పెట్టె పక్కన పడేయాల్సిందే. ప్రతి సంస్థా తన సిగ్నల్‌ను తనదైన రహస్య సంకేతంతో పంపుతుంది. దాన్ని విప్పగలిగేది ఆ సంస్థ పెట్టె ఒక్కటే. దీపం వెలుగుతుంది, రిమోట్ పలుకుతుంది, బొమ్మ రాదు. మళ్లీ పెట్టె, మళ్లీ బిగింపు ఖర్చు. పని వెతుక్కుంటూ భూపాలపల్లి, రామగుండం గనుల చుట్టూ తిరిగే కాంట్రాక్టు కార్మికులకు ఇది చిన్న భారం కాదు.

ఫోనుకు ఈ బెడద లేదు, సిమ్ మారిస్తే సరిపోతుంది. కేబుల్ పెట్టె ఏ కేబుల్ సంస్థకైనా, ఇంటి మీది డిష్‌తో ఉపగ్రహం నుంచి నేరుగా ప్రసారాలు అందుకునే డీటీహెచ్ పెట్టె ఏ డీటీహెచ్ సంస్థకైనా పనికొచ్చేలా నిబంధన తేవాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే కేంద్రానికి సిఫారసు చేసింది. జనం పెట్టెలు కొనడానికి గడువు విధించిన కేంద్రం, ఈ సిఫారసు అమలుకూ తేదీ ప్రకటించాలి. సంస్థల అభ్యంతరాలు ఎన్నైనా ఉండవచ్చు. పెట్టె సొమ్ము వాటిది కాదు.

తీగ చేరని గూడేల సంగతి వేరు. అక్కడ నెలవారీ చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ ఒక్కటే పేదవాడికి అందే దారి. మారుమూల, గిరిజన, సరిహద్దు, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ పెట్టెలు ఉచితంగా పంచుతామని కేంద్రం 2023 జనవరిలో, ప్రభుత్వ ప్రసార సదుపాయాలను విస్తరించే బైండ్ పథకంలో మాట ఇచ్చింది. ములుగు జిల్లా ఏటూరునాగారం, తాడ్వాయి మండలాల్లో వాటిని ఏయే గూడేలకు, ఎన్ని ఇళ్లకు ఇచ్చారో ఊరి పేర్లతో జాబితా పంచాయతీ కార్యాలయాల గోడలపై అతికించాలి. పేరు లేని ఇంటివారు అడగడానికి అదే ఆధారం.