శుభలేఖకు క్వాలిటీ ఆడిట్

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా బాబాయి కొడుక్కి పెళ్లి కుదిరింది. సుల్తాన్‌పేటలో కార్డుల దుకాణాలన్నీ తిరిగి ఒక నమూనా తెచ్చి, "నువ్వు క్వాలిటీలోనేగా చేసేది, ఒకసారి చూసి చెప్పరా" అన్నాడు బాబాయి. ఏదో మాటవరసకు అన్నాడు. నేను దాన్ని ఆడిట్‌కు లిఖితపూర్వక ఆదేశంగా స్వీకరించాను.

సాఫ్ట్‌వేర్ నాణ్యతను తూచడానికి ఐఎస్ఓ/ఐఈసీ 25010 అనే ప్రమాణం ఉంది. 2011 నాటి దాంట్లో 8 లక్షణాలు, వాటి కింద 31 ఉపలక్షణాలు. వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసులో కోడును తూచే తక్కెడ శుభలేఖను మాత్రం తూచదా? శని, ఆదివారాలు కూర్చుని తూచాను.

పెళ్లెవరిది, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఉన్నాయి కాబట్టి మొదటి లక్షణం, అంటే చేయాల్సిన పని చేస్తోందా అన్నది, పాస్. సెక్యూరిటీ ఫెయిల్: కవరు అంటించరు, దారిన పోయేవాడైనా తీసి చదవొచ్చు. మెయింటెనబిలిటీ, అంటే తేలిగ్గా మార్చుకోగలగడం, ఇంకా ఘోరం. ముహూర్తం మారితే 500 కార్డులూ మళ్లీ అచ్చువేయాలి. ఈ మాట పైకి అన్నందుకు పిన్ని ఆ పూట నాకు కాఫీ ఇవ్వలేదు.

అసలు లోపం పసుపు. "నాలుగు మూలలా మరక. ఏ రెండు కాపీల్లోనూ ఒకేలా ఉండదు. తీవ్రత: హై" అని రాశాను.

మరి అందం? ఆ 31లో ఒకే ఒక్కటి, అదీ యూజబిలిటీ (వాడుకలో సౌలభ్యం) కింద ఓ మూల. 2023లో ప్రమాణాన్ని సవరించినప్పుడు ఆ మూల కూడా పోయింది. దాని చోట యూజర్ ఎంగేజ్‌మెంట్ వచ్చి కూర్చుంది. అందంగా ఉందా అని అడగడం మానేసి, కళ్లప్పగించి చూస్తున్నారా అని అడుగుతున్నారన్నమాట. (ఈ లెక్కన మా సందులో కుక్కల కొట్లాటకు నూటికి నూరు.)

ప్రమాణాలను మరీ తీసిపారేయలేం. మీగడరంగు కాగితం మీద బంగారు అక్షరాలు నాయనమ్మకు కనిపించలేదు. వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలంటుంది డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలనే ప్రమాణం. ఫోటో తీసి కొలిస్తే మనది 2 కూడా దాటలేదు. బాబాయి ఒప్పుకున్నాడు, అక్షరాలు మెరూన్‌లోకి మారాయి. ఆడిట్ మొత్తానికి పనికొచ్చింది ఇదొక్కటే.

అయితే నా 25010 ప్రమాణమే ఇంకో మాట కూడా అంటుంది: సంబంధం ఉన్నవాళ్లందరి అవసరాలూ తీరాలి, చెప్పినవీ చెప్పనివీ కూడా. ఇక్కడే నా తక్కెడ తిరగబడింది. బాబాయి చెప్పని అవసరం, కార్డు వియ్యంకుడి కార్డు కన్నా మందంగా ఉండాలని. వాళ్లది తలుపులు తెరిస్తే వినాయకుడు కనిపించే రకమట. మందం ఏ ఉపలక్షణం కిందకు వస్తుందో నాకు దొరకలేదు. "ఇతరములు" అని ఒక వరుస నేనే కలిపాను.

నివేదిక పన్నెండు పేజీలైంది. హాల్లో నిలబడి చదువుతుంటే, పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కార్డు అందుకుంది. చూసింది అర నిమిషం.

"బంధుమిత్రుల అభినందనలతో అన్నచోట మా పెద్దన్నయ్య పేరు చిన్నన్నయ్య పేరు కింద పడింది. ఇలాగే అచ్చయితే పెద్దన్నయ్య పెళ్లికి రాడు."

కార్డు ఆ సాయంత్రమే సుల్తాన్‌పేటకు తిరిగి వెళ్లింది. కొత్తవి వచ్చాక హాల్లో అందరూ కూర్చుని మూలలకు పసుపు రాశారు. నేలకు మరక పడకుండా గిన్నె కింద పన్నెండు కాగితాలు పరిచారు.