డాస్‌ఆర్ గారికి ఏనుమాముల గుమస్తా రాయునది

శ్రీయుత డాస్‌ఆర్ గారికి,
కేరాఫ్ టీబీ క్రిమి, నా కుడి ఊపిరితిత్తి, పై అంతస్తు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి అడ్తి గుమస్తా నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరు కుశలమైతే నేను కాను కదా, కొట్టేశాను.

దగ్గు వస్తే మిర్చి ఘాటనుకున్నాను. యార్డులో దగ్గనిదెవరు? బస్తాలు తూకం వేసే మా దడ్వాయే అనుమానపడ్డాడు. "అన్నా, ఇయ్యాల కాంటా పెట్టేది చపాటా మిర్చి. దీనికి ఘాటేడిది, నువ్వెందుకు దగ్గుతున్నవ్?" కఫం పరీక్షలో తమరి ఇల్లు దొరికింది.

తమరి హోదా మాత్రం ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే మా అమ్మాయి చెప్పేదాకా తెలియదు. దాదాపు 4,000 జన్యువులున్న ఆ క్రిమిలో తమరొక ప్రొటీన్. మా రక్షక కణాలు క్రిమిని చుట్టుముట్టి, నైట్రిక్ ఆక్సైడ్ వదిలి, ఆక్సిజన్ అందకుండా చేస్తే డాస్‌ఎస్, డాస్‌టి అనే ఇద్దరు పసిగట్టి తమరి చేతిలో ఒక ఫాస్ఫేట్ పెడతారట. (మామూలా అని అడిగితే, కాదు నాన్నా, సిగ్నల్ అంది.) అది అందగానే తమరు జంటగా వెళ్లి డీఎన్ఏ మీద తమకు కావలసిన అక్షరాల వరుసను వెతికి పట్టుకుంటారు. జన్యువులను చదివే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అక్కడికి వచ్చి పని మొదలుపెడుతుంది. సుమారు 48 జన్యువులు నోరు విప్పుతాయి. క్రిమి పెరగడం మానేసి ముడుచుకుని పడుకుంటుంది. ఆ నిద్ర ఘనతంతా తమరిది కాదట, ఇంకా చాలామంది చేతులున్నాయట. ఉత్తరం తమరికే రాస్తున్నాను, సర్దుకోండి.

ఇది మాకు తెలియని వ్యాపారమా? రేటు పడితే రైతు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి కాచుకుంటాడు. ఆయన అద్దె కడతాడు, అప్పుకు వడ్డీ కడతాడు. తమరు నా ఛాతీలో పైసా కట్టకుండా మంచి రేటు కోసం, అంటే నేను నీరసపడే రోజు కోసం, ఎదురుచూస్తున్నారు.

రెండు నెలలు నాలుగు మందులు వేసుకున్నాక దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, మళ్లీ లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాను. ఇంకా మాత్రలెందుకని డబ్బా పక్కన పెట్టబోతే అమ్మాయి అగ్గిమీద గుగ్గిలమైంది. ఆ మందుల్లో ఐసోనియాజిడ్ కొత్త గోడ కట్టుకునే క్రిమిని కొడుతుందట. పడుకున్నవాడు గోడెందుకు కడతాడు? రిఫాంపిసిన్ సంగతి వేరు. జన్యువులను చదివే ఆ పాలిమరేజ్‌నే పట్టేస్తుంది. తమరు డీఎన్ఏ మీద ఎంత దర్జాగా కూర్చున్నా, చదివేవాడు కదలడు. (ఆ మాత్రతో నా మూత్రానికి కూడా పండు మిర్చి రంగొచ్చింది. మొదటిరోజు టెన్షన్ పడి చచ్చాను.) నిద్ర మధ్యలో ఎవరు ఎప్పుడు కదులుతారో తెలియదు కాబట్టి మరో నాలుగు నెలలు, మూడు మందులు.

ఇప్పుడు ఐదో నెల. డబ్బా కాంటా పక్కనే ఉంటుంది. దడ్వాయి పొద్దున బస్తాల కంటే ముందు నా మాత్రలు లెక్కపెడుతున్నాడు.

ఇట్లు,
తమరి ఇంటి ఓనరు