మాకరోనీలో గోంగూర

పరాయి దేశపు వంటకం ఏదైనా మన గుమ్మం తొక్కేటప్పటికి సగమే అయి ఉంటుందనీ, మిగతా సగం మనమే పోపు పెట్టి పూర్తి చెయ్యాలనీ విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉండే మా పిన్ని గట్టి నమ్మకం. ఈ నమ్మకంతోనే ఆవిడ లోగడ నూడుల్స్‌ను పులిహోర చేసింది. అది బాగానే ఉండటం వల్ల ఇంట్లో ఎవరికీ అడ్డు చెప్పే నోరు లేకుండా పోయింది. వేసవి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మనవడు మాకరోనీ చీజ్ కావాలని మారాం చెయ్యడంతో ఆవిడకు కొత్త రంగం దొరికింది.

నిజానికి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వెన్నలో మైదాను పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా తిప్పి, చిక్కబడ్డాక పొయ్యి మీది నుంచి దింపి, ఆ వేడిలోనే చీజ్ తురుము కరిగించి, ఉడికిన మాకరోనీ కలిపితే సరిపోతుంది. పిన్ని మొదట అలాగే చేసింది. బాబాయి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, పథ్యం ఎవరికని అడిగారు. ఆ మాటతో మర్నాడే ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వచ్చి పడ్డాయి. ఆ తరువాత ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చిన రొయ్యలు కూడా చేరాయి. అమెరికాలో ఇందులో లాబ్‌స్టర్ వేసుకునేవాళ్లున్నారు గనుక రొయ్యల విషయంలో పిన్నిని తప్పు పట్టడానికి లేదు. అక్కడివాళ్లు పైన బ్రెడ్ పొడి చల్లి ఓవెన్‌లో ఎర్రబడనిస్తారు. ఓవెన్ లేని మా పిన్ని జంతికలు నలిపి చల్లింది. చీజ్ మెత్తదనం మీద వాము వేసిన జంతిక కరకరలాడుతుంటే, ఇది వాళ్లకెందుకు తట్టలేదా అని నాకు అనిపించింది కూడా.

వియ్యాలవారు భోజనానికి వచ్చిన ఆదివారం నాడు మాత్రం కథ అడ్డం తిరిగింది. ఉక్కు కర్మాగారంలో కొలుముల దగ్గర పనిచేసి రిటైరైన మా బాబాయి, ఫోనులో ఏదో వీడియో చూసి, మైదా విషంతో సమానమనీ దాన్ని ఈ ఇంట్లో వాడరాదనీ పొద్దున్నే శాసించారు. పిన్ని మారుమాట లేకుండా మైదా మానేసింది. వియ్యపురాలికి పుల్లటివంటే ఇష్టమని, వేయించి మెత్తగా రుబ్బిన గోంగూర ముద్దను ఇంత తీసి మరుగుతున్న పాలలో వేసేసింది.

బాబాయి ఆ సమయంలో హాల్లో వియ్యంకుడికి ఈ వంటకం చరిత్ర చెబుతున్నారు. 1802లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ తన విందులో మాకరోనీ పెట్టిస్తే, మనాసె కట్లర్ అనే అతిథి దాన్ని ఉల్లిపాయలనుకుని, ఘాటుగా ఉందని, నచ్చలేదని రాసుకున్నాడట. ఇంతలో వంటింట్లోంచి “ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా” అని పిలుపు వినిపించింది. ఆ గొంతు విన్నవాళ్లెవరూ కూర్చోలేరు, అందుకని అందరమూ వెళ్లాము.

గిన్నెలో పాలు లేవు. లేతాకుపచ్చ నీళ్లలో బియ్యపు నూకంత తెల్లని పలుకులు తిరుగుతున్నాయి, చీజ్ తురుము జిగురు ముద్దై గరిటెను పట్టుకుని వదలడం లేదు, పైన మాత్రం నెయ్యి నిగనిగలాడుతోంది. బాబాయి కళ్లజోడు సవరించుకుని, పులుపు తగిలితే పాలలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయనీ, పిండి ఉంటే దాని గంజి మధ్యలో అడ్డుపడి కొంత ఆపేదనీ ఎంతో చక్కగా వివరించారు. ఆ పిండిని ఎవరు మాన్పించారని పిన్ని అడిగింది. ఆయన వియ్యంకుడి వైపు తిరిగి, జెఫర్సన్ ఎక్కడ ఆగాడని అడిగారు.

వేళ మించిపోతోంది. పిన్ని గిన్నెలోదంతా పల్చటి గుడ్డలో వడకట్టి, ఆ విరుగును ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఎండుమిర్చితో నూనెలో వేయించి, మాకరోనీ అందులో పోసి నాలుగుసార్లు ఎగరేసి వడ్డించింది. మనవడు “అమ్మమ్మా, చీజ్ ఏదీ?” అన్నాడు గాని, ఆ ప్రశ్న వియ్యపురాలు రెండోసారి వడ్డించమనే సందడిలో కలిసిపోయింది. ఆవిడ వెళుతూ వెళుతూ ఒక డబ్బా కట్టించుకుంది కూడా.

మూడోనాడు ఆవిడే ఫోను చేసింది. తను చేస్తే అలా రాలేదనీ, గోంగూర ఎంత వెయ్యాలో కొలత చెప్పమనీ అడిగింది. పిన్ని ఒక్క క్షణం బాబాయి వైపు చూసి, “దీనికి కొలతలుండవు వదినా, పాలు విరిగేదాకా వెయ్యాలి” అంది.