అక్షింతలు పట్టుకున్న పిల్లలకు కథ చెప్పేదెవరు?

వినాయక చవితి నాడు ఒడిశాలోని బరంపురంలో మా ఇంట్లో ఏటా ఇదే టెన్షన్. పూజ అయిపోతుంది, ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టేస్తాం, పిల్లల చేతుల్లో అక్షింతలు పోస్తాం. ఇక కథ చదవాలి. పుస్తకమేమో తెలుగులో ఉంది. గడగడా చదవగలిగేది మా అమ్మ ఒక్కతే, ఆమెకేమో చూపు ఆనడం లేదు. నేను కూడబలుక్కుని చదువుతుంటే పిల్లలు గుప్పిట బిగించి దిక్కులు చూస్తుంటారు. తెలుగు మాట్లాడమంటే ఆగకుండా మాట్లాడతారు. బడిలో నేర్చిన అక్షరాలు మాత్రం ఒడియా, ఇంగ్లీషు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఇటువైపు ఉండిపోయాయి. తెలుగు ఇంట్లో నిలిచింది, చదువు మాత్రం తరం తరానికీ ఒడియాలోకి మారుతూ వచ్చింది. పెద్దవాళ్లు దీన్ని చూసి ‘ఈ కాలం పిల్లలకి భక్తి ఎక్కడిది, ఎప్పుడూ ఆ ఫోనే’ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను.

రెండేళ్లకోసారి జరిగే మా ఠాకురాణి జాతర చూడండి. నేత పని చేసే తెలుగు కుటుంబాల పెద్దని దేశిబెహరా అంటారు. అమ్మవారు ఆయన ఇంటి ఆడపడుచు, జాతరకి పుట్టింటికి వస్తుంది. ఈ సంగతి ఊళ్లో ఏ పిల్లాణ్ని అడిగినా చెబుతాడు, ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. మొక్కు ఉంటే వేషం కట్టేది వాడే. రాత్రిళ్లు ఘటం వీధిలోకి వస్తే అమ్మ పక్కన నిలబడి ఎదురుచూసేదీ వాడే. జాతరలో పిల్లలకి చెయ్యడానికి పని ఉంది. ఇంటి పూజలో ‘కదలకుండా కూర్చో’ అనడం తప్ప మనం వాళ్లకేం ఇచ్చాం?

తెలుగు అక్షరాలు నేర్పాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే అవి వచ్చేదాకా కథ ఆపక్కర్లేదు. నిరుడు మా అమ్మ కథ చెబుతుంటే మా అమ్మాయి దాన్ని ఒడియా అక్షరాల్లో నోటుబుక్‌లో రాసుకుంది. ఎ, ఏలకీ ఒ, ఓలకీ ఒడియా లిపిలో తేడా లేదు. అయినా చదివేటప్పుడు ఎక్కడా తడబడలేదు, చిన్నప్పట్నుంచీ చెవిన పడ్డ మాటలే కదా. తెలుగు తెలుగు లిపిలోనే ఉండాలని కోప్పడే పెద్దలున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, కానీ ఆ పట్టుదల వల్ల పిల్లలకి కథే దక్కకుండా పోతోంది.

చదవడం మధ్యలో ఆపి మా అమ్మాయి అడిగింది: ‘మామ్మా, కృష్ణుడు మణి తియ్యలేదు కదా, మరి నింద ఎందుకు పడ్డాడు?’

అక్షింతలు వేసేదాకా ప్రశ్నలు అడగకూడదని నా చిన్నప్పుడు మమ్మల్ని నోరు మూయించేవారు. అమ్మ అలా చెయ్యలేదు. ‘చెయ్యని తప్పుకి మాట పడ్డం అందరికీ వస్తుందే. ఆయన ఎవరి మీదా అరవలేదు. అడవికెళ్లి, మణి వెతికి తెచ్చి, ఎవరిది వాళ్లకి ఇచ్చేశాడు’ అంది.

అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. బడిలో తన మీద పడ్డ ఓ చిన్న నింద గురించి ఆ రాత్రి వాళ్ల మామ్మకి చెప్పుకుంది. మాకెవరికీ అప్పటిదాకా తెలియదు.